మైకు ఆటో మసూద్ గారు పాడిన రాక్ పాటల విషయము

హిందూపురం వాస్తవ్యులు శ్రీ మసూద్ గారు, వయస్సు నలభై ఒక్క సంవత్సరాలు, ఈ వ్రాతకు పూనుకున్నవారికి పందొమ్మిదేళ్లుగా పరిచయస్థులు. వృత్తి, మైకు ఆటోలో ప్రచారం. ఇన్నేళ్లలో చీరల తగ్గింపు ధరలు గానీ, తప్పిపోయిన మేకలు గానీ, కుళాయి నీళ్లు రాని సంగతి గానీ పట్టణ ప్రజలకు ఆయన కంఠం ద్వారా తప్ప తెలిసిన దాఖలాలు లేవు.

ఆయనకు కొన్ని నియమాలున్నాయి. ఆటో కదిలిపోతూ ఉంటుంది గనుక ప్రతి మాటనూ రెండు మార్లు చెప్పాలి. వీధికి ఇరువైపులా ఇండ్లుంటాయి గనుక తల అటొకసారి, ఇటొకసారి తిప్పాలి. మైకు గొట్టం ఆటో పైకప్పు మీద ఉన్నందున తల తిప్పినా తిప్పకున్నా ఫలితమొకటే అని పలువురు విన్నవించినా ఆయన అంగీకరించలేదు. రాసిచ్చిన ప్రచారంలో అక్షరం మార్చరాదు. తన పేరు మైకులో ఎన్నడూ పలుకరాదు.

ఇట్లుండగా, ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ పనులకు పోయే కొందరు యువకులు ‘నల్లగుండు’ అనే హార్డ్ రాక్ బృందం పెట్టి, ఆల్బం చేయ సంకల్పించారు. గాయకుడు రఘునాథ్ ఫొటోతో గోడల మీద పోస్టర్లు కూడా అంటించారు. పోస్టర్ల జిగురు ఆరకముందే రఘునాథ్ బెంగుళూరులో పెండ్లి పాటల బృందంలో చేరిపోయాడు.

గిటారు వాయించే మురళి దిక్కుతోచక హిందూపురం రోడ్డు మీద నిలబడి ఉండగా, లారీ హారన్లన్నింటినీ అణచివేస్తూ ఒక గొంతు వినబడింది: “తెల్లమేక, చెవి మీద మచ్చ! తెల్లమేక, చెవి మీద మచ్చ!”

మురళి ఆటో వెంట పరుగెత్తి ఆపాడు.

“అన్నా, నీ గొంతు మాకు కావల్ల.”

“ఏం తప్పిపోయిందప్పా?”

“మా సింగరు.”

“ఆనవాళ్లు చెప్పు. సాయంత్రానికంతా ఊరు తిప్పేస్తా.”

కావలసింది రఘునాథ్ కాదని, రఘునాథ్ స్థానమని వివరించేందుకు మురళికి రెండు టీలు పట్టాయి. మసూద్ గారి ఇంట్లో మాత్రం తల్లి షంషాద్‌బీ గారు నమ్మలేదు.

“నీది మేకల్ని పిలిచే గొంతు రా! పోస్టరులో నీ పేరు పడనీ, ఎవరితోనైనా చదివించుకోని అప్పుడు నమ్ముతా.”

తల్లి నోటి నుండి ఆ ‘నమ్ముతా’ వినాలన్న కోరికే మసూద్ గారిని ధర్మవరం బస్సెక్కించింది.

అక్కడి రికార్డింగు గది పట్టు మగ్గాల ఇంటిని ఆనుకొని ఉన్నది. మగ్గాల చప్పుడు ఆగేది నేతగాళ్లు అన్నానికి లేచినప్పుడే గనుక పాటలన్నీ ఆ వేళలోనే పాడాలి. మసూద్ గారు పాడారు. ఒక చరణం ఉరుములా వచ్చింది, మరుసటి చరణం పక్కవీధిలో ఉన్నట్లు వచ్చింది. వైర్లన్నీ మార్చిన తరువాత గానీ ఆయన తల తిప్పుతున్నారని ఎవరూ గుర్తించలేదు. మురళి వెనుక నిలబడి రెండు చెవులూ పట్టుకోగా తల నిలిచింది. అయితే ప్రతి చరణమూ రెండు మార్లు వస్తున్నది.

“అన్నా, ఒకసారి పాడితే చాలు.”

“ఎనకింట్లో వాళ్లకు వినపడొద్దా?”

“ఈడ ఇండ్లు యాడుండాయన్నా?”

“పాట బయటికి పోయినాక ఉంటాయి గదప్పా!”

అన్నం ముగించిన నేతగాడు మద్దిలేటి కిటికీలో తలపెట్టి, “రెండోసారికి మాటలు తెలుస్తాండాయి, అట్లే కానీండి” అని తీర్పు చెప్పాడు. అట్లే కానిచ్చారు.

ఆల్బం ముగిసింది. మురళి తల గోక్కుంటూ, “పోస్టర్లు ముందే అంటించినాం గదన్నా, రఘునాథ్ పేరే ఉండాది. ఏమనుకోవద్దు” అన్నాడు. అంతటితో ఆగక, ప్రచారం పని కూడా మసూద్ గారికే అప్పగించాడు.

నియమం నియమమే. ఆయన హిందూపురమంతా, పెనుకొండంతా తిరిగి, “గాయకుడు రఘునాథ్! గాయకుడు రఘునాథ్!” అని చెప్పి, వెంటనే పాట వేశారు. పెనుకొండ బస్టాండులో పూలమ్మే ఆదెమ్మ ఆటోకు అడ్డం వచ్చింది.

“ఏమబ్బా, పాడింది ఎవరు?”

“రఘునాథ్ అని రాసిచ్చినారవ్వా.”

“చెప్పే నోరూ నీదే, పాడే నోరూ నీదే, పేరు మాత్రం ఇంగొకనిదా? నాకు చెవుడనుకుంటివా?”

“రాసిచ్చింది మార్చకూడదవ్వా.”

“అయితే ఇంగోసారి చెప్పు, నా మొగం చూసి!”

ఆయన ఆమె మొగం చూసి చెప్పారు. అలవాటు చొప్పున రెండు మార్లు చెప్పారు. బస్టాండంతా నవ్వింది. ఇంటికి పోతే తల్లి, “రఘునాథ్ అంటే ఎవర్రా? నీ గొంతు ఎత్తుకపోయినాడా?” అన్నది. ఆనాడు మసూద్ గారు అన్నం పెట్టమని కూడా ఒక్కసారే అడిగారు.

బెంగుళూరు నుండి వచ్చిన రఘునాథ్‌ను జనం టీ అంగడి దగ్గర పాడమన్నారు. ఒక చరణం ఒక్కమారు పాడి ఆపగానే, “రెండోసారి యాడ?” అని నిలదీశారు. పోస్టర్ల మీద తన పేరు వద్దని అతడే మురళితో చెప్పినట్లు తెలియవచ్చింది.

కావున, వచ్చే ఆదివారం పెనుకొండలో జరుగనున్న ఆల్బం ఆవిష్కరణ సభ నిర్వాహకులకు సవినయంగా చేసుకొను మనవి: పోస్టర్ల మీద శ్రీ మసూద్ గారి పేరు అతికించవలసినది. షంషాద్‌బీ గారికి ముందు వరుసలో కుర్చీ వేయవలసినది. ఆయన తన పేరు తాను మైకులో పలుకరు గనుక, ఆ పని మురళి గారే చేయవలసినది. చెవి కొంచెం మందమైన ఆ తల్లి కొరకు, రెండు మార్లు పలుకవలసినదిగా ప్రార్థన.