నేలమీద పాకిన తెల్లటి పొగ

ఇరవై ఏళ్ల కిందట నేను కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. హైదరాబాదులో పెద్ద ఎలక్ట్రానిక్ సంగీతోత్సవం ఉందని గ్రంథాలయంలో పేపరు చదివి, తోటి కార్మికులు మల్లేశ్, యాదగిరిలను నేనే బయలుదేరదీశాను. అంతకు ముందు ఏడాదే ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై యాదగిరి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

సాయంత్రానికి మైదానం నిండిపోయింది. స్పీకర్ల మోతకు గుండెలు అదురుతున్నాయి. ఉన్నట్టుండి వేదిక కింది నుంచి తెల్లటి పొగ నేలనంటుకుని మా వైపు పాకసాగింది. గాలికంటే బరువైన విషవాయువులు అలాగే పాకుతాయని నేను పుస్తకంలో చదివాను. అంతలో యాదగిరికి దగ్గు మొదలైంది.

"గ్యాస్ రా! ఉరుకుండ్రి!" అని అరిచాను.

ఫ్యాక్టరీలో నేర్పినట్టే సీసాలోని నీళ్లతో రుమాళ్లు తడిపి ముక్కులకు కట్టుకున్నాం. గాలివాటానికి అడ్డంగా, జనాన్ని తోసుకుంటూ యాదగిరిని లాక్కెళ్లాం. అతణ్ణి ఇక్కడికి తెచ్చి నేనే చంపుకుంటున్నానా అనిపించింది.

గేటు దగ్గర కాపలా అతను ఆపాడు. "ఏందన్నా, దొంగల లెక్క మూతులు గట్టుకున్నరు?"

"గ్యాస్ లీకయింది! జల్దీ అందర్ని బయటికి పంపు!"

అతను పగలబడి నవ్వాడు. "గది పొగ మిషనే. పాటకు గట్లనే ఇడుస్తరు."

"ఇంకా సదువు లైబ్రరీల కూసొని!" అన్నాడు మల్లేశ్ నాతో. నాకు తల కొట్టేసినట్టయింది. యాదగిరి మాత్రం రుమాలు తీయలేదు.

వెనక్కి తిరిగి చూశాను. నడుముల దాకా పొగలో మునిగిన జనం చేతులెత్తి కేరింతలు కొడుతున్నారు. పొగ వస్తే సంతోషించే మనుషులు కూడా ఉంటారని నాకు ఆ రోజే తెలిసింది.