మోరీకి రెండు సేర్ల గుడ్

ఆ రోజుల్లో మా దిక్కున చదువంటే ఎవరి తంటా వాళ్లు పడాల్సిన పని. బడి ఉన్న చోట తెలుగు ఉండేది కాదు, తెలుగు ఉన్న చోట బడి ఉండేది కాదు. ఇప్పటివాళ్లకు చెబితే ఆవులిస్తారు. మొన్న పేపర్లో, పాతకాలపు సున్నం చాలా మన్నికైనదనీ, భూమికి హాని చెయ్యనిదనీ పెద్ద పెద్ద ఇంజనీర్లు పరిశోధించి కనిపెట్టారని చదివి నా ఒళ్లు మండిపోయింది. కనిపెట్టడమేమిటి? మా మేనమామకు తెలియదా అది? ఆ పూట ఇంట్లో కనబడిన ప్రతివాడి మీదా కేకలేశాను. అన్నం తిని చల్లబడ్డాక గుర్తొచ్చింది, అదే సున్నం మీద నేనూ ఒక పరిశోధన చేశానని. అది తలచుకుంటే కేకలెయ్యడానికి నాకున్న హక్కు బహు కొంచెం.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. నకిరేకల్ పోయే బాటలో వాగు మీద మోరీ (చిన్న వంతెనను మేమలాగే అంటాం) కట్టే పని మా మామకు దొరికింది. ఆయన పెద్ద మేస్త్రీ, కాని అక్షరం ముక్క రాదు. ఆయనను నమ్ముకుని పదిహేను మంది, అందులో సగం సున్నపు గానుగ దగ్గర పనిచేసే ఆడవాళ్లు. నేలలో గుండ్రంగా తవ్విన కాలువ, అందులో తిరిగే రాతిచక్రం, దాన్ని లాగే ఎద్దు. సున్నమూ ఇసుకా దాంట్లో పడి వెన్నలా నలిగేవి. నా పని కాయితాలు చదవడం. ఉర్దూ నాకు నేనే నేర్చుకున్నాను. కిరాణా పొట్లాలు విప్పి, దుకాణాల పలకలు చూసి, అక్షరాలు కూడబలుక్కోవడం వరకు వచ్చేసింది. అర్థాలు వాటంతటవే వస్తాయనుకున్నాను. (రాలేదు.) అయినా చెవి సందున పెన్సిల్ పెట్టుకుని తిరిగేవాణ్ణి. అందరూ మున్షీ అనేవారు. వెక్కిరింపని నాకు తోచలేదు.

పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఓవర్సీరు సాబ్‌కు సిమెంటు మీద మోజు. రైల్లో బస్తాలు తెప్పిస్తే గానుగతో పనే లేదంటాడు. మా మామ చేతులు కట్టుకుని నిలబడి నిలబడి, చివరికి ఒక పరీక్షకు ఒప్పించాడు. సాబ్ రాసిచ్చినట్టు సున్నం నూరి, దానితో రెండు ఇటుకలు అతికించి, నెల రోజులు తడిలో ఉంచాలి. తర్వాత పై ఇటుకను తాడుతో వేలాడగట్టి, కింది ఇటుకకు గంప తగిలించి అందులో రాళ్లు వేస్తారు. అతుకు నిలిస్తే సున్నం, ఊడితే సిమెంటు. అంటే ఊడితే పదిహేను మందీ ఇంటిదారి పట్టాల్సిందే.

కాయితం వచ్చింది. అందరినీ కూర్చోబెట్టి చదివాను. చూనా, అంటే సున్నం. రేత్, అంటే ఇసుక. తర్వాత, రెండు సేర్ల గుడ్, ఒక దినం నీళ్లలో నానబెట్టి కలపాలి. అక్కడ ఆగి, గొంతు సవరించుకుని, "గుడ్డు" అన్నాను.

"గుడ్డేందిరా సున్నంల?" అన్నాడు మామ.

"సర్కారు రాసింది మామా."

"గుడ్లను సేర్ల లెక్కన ఎవలన్న అడుగుతరా?"

"మనం లెక్కబెడతం. వాళ్లు తూస్తరు. సర్కారు కత గట్లనే ఉంటది."

మామ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మరి ఉర్దూల గుడ్డును అండా అంటరని నువ్వే చెప్తివి గదరా."

"గందుకే గద. మనకు సమజ్ కావాల్నని తెలుగుల రాసిండ్రు."

నవ్వేవాళ్లు నవ్వండి. కాని ఆ క్షణంలో నా ఛాతీ ఎంత పొంగిందో నాకే తెలుసు. కచ్చేరీకి పోతే ఉర్దూ, స్టేషన్లో ఉర్దూ, చివరికి మా పొలం పత్రం కూడా మాకు అర్థం కాని ఉర్దూ. అలాంటి సర్కారు కాయితం మీద, మొట్టమొదటిసారి, మా అవ్వ రోజూ పలికే మాట ఒకటి కూర్చుని ఉంది. దాన్ని అనుమానించడానికి నాకు మనసొప్పలేదు.

మా మామ ఎప్పుడూ సున్నంలో బెల్లం నీళ్లూ, కరక్కాయలు నానబెట్టిన నీళ్లూ పోసేవాడు. ఆ బెల్లం కుండ గానుగ పక్కనే ఉంది. కాయితంలో లేని సరుకు సాబ్ కంటపడితే మాట వస్తుందని దాన్ని నేనే మోసుకెళ్లి అవతల పొదలో పెట్టి, పైన గోనెపట్టా కప్పాను. (నా పరిశోధనలో అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు.) "నువ్వు కాయితం సున్నం చెయ్. నేను నా చేతి సున్నంతోని ఇంకో జత అతికిస్త," అన్నాడు మామ. చేసుకో గాని సాబ్ ముందుకు తేవద్దని చెప్పాను.

ఇల్లిల్లూ తిరిగి నలభై పైచిలుకు గుడ్లు పోగుచేసి తూయించాను. నానబెట్టమన్నారు కనుక కుండెడు నీళ్లలో వేసి దానికి కాపలా కూర్చున్నాను. గానుగ తోలే పెద్దవ్వ వంగి చూసింది.

"ఏం మున్షీ, నీళ్లల్ల పొదుగేసినవా? కోడిపిల్లలు లేస్తయా, బాతుపిల్లలు లేస్తయా?"

జవాబివ్వడం నా హోదాకు తగదనుకున్నాను. (ఎక్కడెక్కడో సున్నంలో తెల్లసొన కలుపుతారని చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివి, ఆ పుస్తకం చంకన పెట్టుకుని రెండు మైళ్లు నడిచి ఆమెకు చదివి వినిపించాను. "పాపం, గాళ్లకు అట్టు పోసుకునుడు తెల్వదేమో," అంది.) నేను తెల్లసొన మాత్రమే కాదు, పచ్చసొనా, పొరపాటున కొంత పెంకూ కూడా కలిపాను. మూడోనాటికి కుక్కలొచ్చాయి. వారానికి కాకులొచ్చాయి. నెల తిరిగేసరికి మనుషులే రావడం మానేశారు.

పరీక్ష రోజు సాబ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే దిగాడు. "యే క్యా బూ హై?" అన్నాడు. వాసన సంగతి తర్వాత మనవి చేసుకుంటానని నా ఇటుకలు వేలాడగట్టించాను. గంప తగిలించారు. మొదటి రాయి ఇంకా మామ చేతిలోనే ఉంది. ఖాళీ గంప బరువుకే కింది ఇటుక జారి, సాబ్ బూటు పక్కన పడింది.

గానుగ ఆడవాళ్లు చీరె కొంగులు దులుపుకుని లేచారు. సాబ్ పెన్ను తీశాడు. నా కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. నా సున్నం అతికించలేనిదాన్ని భయం అతికించింది.

మామ నా మొహం చూడకుండా పొదలోకి వెళ్లి, తడి గుడ్డ చుట్టిన తన ఇటుకల జతను తెచ్చాడు. "జర గిది గూడ చూడు సాబ్. ఇందుల గుడ్ లేదు. కాయితం లెక్క గాదు. మా బెల్లంతోని చేసిన."

"బెల్లం అంటే?"

మామ కుండలోంచి ఒక ముక్క తెచ్చి చూపించాడు. సాబ్ వాసన చూసి, కొసన కొంచెం కొరికి, "అరే, యహీ తో గుడ్ హై," అన్నాడు. గుడ్ అంటే ఇదే కదా అని. పదిహేను మందీ, ఆ వెనుక ఎద్దూ, ఒక్కసారే నా వైపు తిరిగారు.

గంపలో రాళ్లు పడ్డాయి. ఒకటి, ఐదు, పది. గంప నిండింది. అతుకు కదల్లేదు. సాబ్ చాలన్నాడు. మోరీ సున్నంతోనే కట్టమన్నాడు. మామ అప్పుడు కూర్చున్నాడు.

తర్వాత నన్ను పిలిచి ఏం కలిపావన్నాడు సాబ్. చెప్పాను. ఎందుకన్నాడు. తల వంచుకుని అదీ చెప్పాను, "సర్కారు కాయితంల మా మాట రాసిండ్రనుకున్న సాబ్."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. (బండెక్కాక నవ్వాడని పెద్దవ్వ చెప్పింది.) కాయితాన్ని మోకాలి మీద పరుచుకుని, మామ చేత ఆ మాట మళ్లీ ఒకసారి పలికించుకుని, గుడ్ పక్కన ఉర్దూ అక్షరాల్లో ఏదో రాసి, చదవమని నా చేతికిచ్చాడు. మూడే అక్షరాలు, బే, లామ్, మీమ్, అంటే మన బ, ల, మ. ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరు కదా, ఎవరి బుద్ధిని బట్టి వాళ్లు పూరించుకోవాలి.

"బలం," అని గట్టిగా చదివాను.

"బెల్లంరా నాయినా," అని పెద్దవ్వ నెత్తి కొట్టుకుంది. ఆమెదే సరి. నాకిప్పుడు ఉర్దూ అర్థాలు కూడా వచ్చు. జీవితంలో ఎందరి తప్పులో దిద్దాను, దిద్ది చాలామందికి చెడ్డయ్యాను. కాని మూడక్షరాల కాయితం పట్టుకుని, గుడ్ల కంపు కొడుతూ, తల పైకెత్తి నిలబడిన ఆ పందొమ్మిదేళ్లవాడు కళ్లముందుకు వచ్చినప్పుడు మాత్రం తిట్టాలని నోరు తెరుస్తాను గాని, దిద్దబుద్ధి కాదు.