పాదిరి బంగళాలో దేవుడి గూడు

డెబ్బైల మొదట్లో, పటాన్‌చెరు రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న పాత పాదిరి బంగళాలో రెండు గదులు మాకు కిరాయికి దొరికాయి. మిగతా భాగంలో పాస్టరుగారి కుటుంబం ఉండేది. మేం కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. నాన్నకు కర్మాగారంలో ఉద్యోగమైతే వచ్చింది గానీ క్వార్టరు ఇంకా రాలేదు.

జార్జి రాజుల కాలంలో ఇంగ్లండు పల్లెటూరి పాదిరులకు ఎలాంటి ఇళ్ళుండేవో, దొరలు ఇక్కడా అలాంటిదే కట్టించారట. ముఖద్వారం సరిగ్గా నడిమధ్య, దానిపైన అరచందమామలా గాజు, అటు రెండు కిటికీలు, ఇటు రెండు. పక్కగోడలో ఒకటి ఉత్తుత్తి కిటికీ, జత కుదరాలని గోడలో చెక్కి వదిలేసింది. అందం కోసం అబద్ధమాడే ఆ ఇల్లంటే నాకు భలే ఇష్టం. నిజం కిటికీలకు రెక్కలుండవు, గాజు చట్రాన్ని కిందనుంచి పైకి జరపాలి. మాకది చేతకాక మూసే ఉంచేవాళ్ళం.

మా గదిలో గోడకు రాతి చట్రం, దాని లోపల నల్లటి గూడు ఉన్నాయి. చూడగానే అమ్మ మురిసిపోయింది. "దేవుడి గూడు ఎంత చక్కగా అమర్చారండీ!" అంది. పాదిరి ఇంట్లో దేవుడి గూడెందుకుంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. అమ్మ దాన్ని కడిగి, ముగ్గేసి, పటాలు పెట్టింది.

అప్పటికి తమ్ముడు నెలల పిల్లాడు. వాడికి ముందు పుట్టినవాడు మాకు దక్కలేదు. ఆ చలికాలం వీడికీ దగ్గు పట్టుకుంది. తగ్గేదాకా దీపం కొండెక్కనివ్వనని అమ్మ మొక్కుకుంది. దీపం నిలిస్తేనా! వెలిగించడం, అది రెపరెపలాడి ఆరిపోవడం. ఆరినప్పుడల్లా అమ్మ ఉయ్యాల దగ్గరికి పరిగెత్తి పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

పాస్టరుగారి భార్యను అడిగితే ఒక్క మాటలో తేలిపోయేది. కానీ అమ్మకు మడి, ఆవిడను గుమ్మం దాటనిచ్చేది కాదు. ఆవిడా మర్యాదకి వరండాలోనే నిలబడి పలకరించి వెళ్ళేది. ఆ మర్యాద తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చివరికి గూడు పైభాగంలో కన్నం ఉందని, అక్కణ్ణుంచే గాలి వస్తోందని అమ్మ కనిపెట్టింది. కర్రతో గోనెసంచి లోపలికి కుక్కింది. దీపం కదలకుండా నిలబడింది. అమ్మ చాలా రోజులకు కడుపునిండా తిన్నది.

మర్నాడు హారతి కర్పూరం వెలిగించి, తమ్ముడు ఉయ్యాల్లో నిద్రపోతుంటే, గాలి తగలకుండా తలుపు దగ్గరగా వేసి, వెనక వరండాలో వంటకు వెళ్ళింది. కాసేపటికి కాలిన గోనె వాసన వచ్చింది. తలుపు తోస్తే నల్లటి పొగ మొహాన కొట్టింది. అమ్మ నన్ను నెట్టేసి లోపలికి దూరింది. లోపల దగ్గు వినిపిస్తోంది, అది అమ్మది. పిల్లాడి చప్పుడు లేదు.

నేను బయటినుంచి కిటికీ దగ్గరికి పరిగెత్తి గాజు మీద బాదాను. పాస్టరుగారి భార్య ఉరికొచ్చింది.

"కొట్టకు బిడ్డా, పైకి లేపాలె! నువ్వు గా దిక్కు పట్టు. జెర గట్టిగ!"

ఇద్దరం లేపాం. కిర్రుమంటూ చట్రం పైకి జరిగింది. పొగలోంచి అమ్మ చేతులు, వాటిలో తమ్ముడు. ఆవిడ వాణ్ణి అందుకుని బోర్లా తిప్పి వీపు మీద చరిచింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. వాడు కేరుమన్నాడు. నేను అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను.

"గా గూడు దేవునిది కాదమ్మా," అంది ఆవిడ బయటికొచ్చిన అమ్మతో. "సలికి దొరలు కట్టెలు పెట్టి కాలుస్తుండె. పొగ పోనీకి పైదాంక తొవ్వ ఉంది. గా తొవ్వ మూసినవా ఏంది?"

అమ్మ చేతులు చాచి ఆవిడ దగ్గర్నుంచి పిల్లాణ్ణి అందుకుంది.

సాయంత్రం నాన్న వచ్చి, మసిబారి పగిలిన పటాలు చూసి నొచ్చుకున్నాడు.

"పిల్లాణ్ణి తీశావు సరే. పక్కనే ఉన్నాయి కదా, ఒక్క పటమైనా తేలేకపోయావా?"

తమ్ముణ్ణి ఒళ్ళోంచి దింపకుండానే అమ్మ చెప్పింది.

"దేవుడు గుర్తే రాలేదండీ."