బోనులో జక్కయ్య

పామర్రు జక్కయ్యకి గడ్డం గీసేటప్పుడు సెలూన్ ఆయనకి ఎప్పుడూ ఒకటే సందేహం, ఎక్కడ ఆపాలా అని. మెడ దాటినా వెంట్రుకలే, భుజాలు దాటినా వెంట్రుకలే. వీటన్నిటి మధ్యా మొహంలో కనిపించేది ఒక్క నవ్వు. చెడ్డపని చేసి దొరికిపోయిన పిల్లాడి నవ్వు అది. అది చూశాక ఎవరికీ అతని మీద కోపం నిలిచేది కాదు.

మనిషికి నాటకాల పిచ్చి. క్రిస్మస్ వచ్చిందంటే చర్చి నాటకంలో దావీదు చంపే ఎలుగుబంటి వేషం అతనిదే. వేషానికి బట్టలు కుట్టించే బెడద లేదు కాబట్టి సంఘం కూడా ఇంకొకరిని అడిగిన పాపాన పోలేదు. చచ్చి పడిపోయాక జనం చప్పట్లు కొడితే జక్కయ్య ఊరుకునేవాడు కాదు, లేచి ఇంకోసారి గుర్రుమనేవాడు. పాపం దావీదు మళ్లీ చంపాల్సి వచ్చేది.

తల్లి హన్నాకి వాడొక్కడే కొడుకు. గారాబంగానే పెంచింది గానీ ఒక్క విషయంలో మాత్రం కాదు. ప్రార్థన చెయ్యకుండా ముద్ద నోటిదాకా వెళితే చేతి మీద గరిటె పడేది. అలా పడీ పడీ, తిండి ఎదురుగా కనిపిస్తే చాలు, జక్కయ్య కళ్లు వాటంతటవే మూసుకునే అలవాటు స్థిరపడిపోయింది.

కంకిపాడు సంఘపెద్ద సంజీవరావుగారి అమ్మాయి రూతుతో అతనికి సంబంధం కుదిరింది. ఆమె ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. పెళ్లిచూపుల నాడు జక్కయ్య ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని, గొంతుదాకా గుండీలు పెట్టుకుని చెమటలు కక్కుతుంటే, ఎవరూ చెప్పకుండానే రూతు విసనకర్ర తెచ్చి చేతికిచ్చింది. అక్కడితో జక్కయ్య పని అయిపోయింది. బస్సెక్కి పామర్రు చేరేదాకా ఆ పిల్ల తప్ప ఇంకేమీ గుర్తులేదు. అయితే సంజీవరావుగారు ఒక షరతు పెట్టారు. జక్కయ్య పనిచేసే మిల్లు మూతపడి ఉంది. ఈస్టరు వెళ్లాక ప్రధానం చేసి పెళ్లి ఖాయం చేసుకుందాం, ఈలోగా గౌరవమైన ఉద్యోగం ఏదన్నా చూసుకోమన్నారు.

ఉద్యోగం వెతుక్కుంటూ బెజవాడ వెళ్లాడు. సరిగ్గా అప్పుడే పేపర్లో ఒక వార్త పడింది. అమెరికాలో రెండు కాళ్ల మీద నడిచే చింపాంజీ ఒకటుందని, అది సగం మనిషేమోనని అక్కడి వాళ్లు అనుకుంటున్నారని. అది చదివిన వాళ్లలో రామకోటేశ్వరరావు ఒకడు. ఎగ్జిబిషన్‌లో వంకర అద్దాల డేరా నడిపేవాడు. జనం ఆ అద్దాల్లో తమ మొహాలు చూసుకుని విసిగిపోయారని అతను దిగులుగా ఉన్న రోజున, పని అడగడానికి జక్కయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. రామకోటేశ్వరరావు అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. చొక్కా ఒకసారి విప్పి చూపించమని బతిమాలాడు.

వారం తిరిగేసరికి డేరా మీద బోర్డు లేచింది: 'సగం మనిషి, సగం చింపాంజీ'. లోపల ఇనుప చువ్వల బోను, అందులో నిక్కరు ఒక్కటే వేసుకుని జక్కయ్య. ఒంటి మీద అక్కడక్కడా చాలని చోట మేకవెంట్రుకలు అంటించారు, మొహానికి మసి పూశారు. చింపాంజీని జక్కయ్య పుట్టి బుద్ధెరిగి చూసింది లేదు. అతనికి తెలిసినవల్లా దుర్గమ్మ కొండ మెట్ల దగ్గర కొబ్బరిచిప్పలు లాక్కునే కోతులు. అందుకని ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ జంతువు అచ్చం బెజవాడ కోతిలాగే ప్రవర్తించేది. జనానికీ తెలిసింది అవే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. కంకిపాడుకి మాత్రం ఎగ్జిబిషన్‌లో ఉద్యోగం దొరికిందని కబురు వెళ్లింది. అందులో అబద్ధం లేదని జక్కయ్య తనకు తనే చెప్పుకునేవాడు.

బోను ముందు రోజూ వాదనలు నడిచేవి. అలా జరగడానికి వీల్లేదని ఒకరు, గుర్రానికీ గాడిదకీ కలిపి కంచరగాడిద పుట్టడం లేదా అని ఇంకొకరు. వాటిని తీర్చడానికన్నట్టు కాలేజీ జువాలజీ లెక్చరరు వెంకటకృష్ణారావుగారు తరచూ వచ్చేవారు. మనిషి కణంలో క్రోమోజోములు నలభై ఆరు, చింపాంజీకి నలభై ఎనిమిది అని చెప్పేవారు. లెక్క కలవనంత మాత్రాన అసాధ్యమని కొట్టిపారెయ్యలేమట, గుర్రానికీ గాడిదకీ కూడా లెక్క కలవదట. అలాంటి బిడ్డ పుట్టినట్టు రుజువు మాత్రం ప్రపంచంలో ఎక్కడా లేదట. ఒకవేళ పుట్టినా కంచరగాడిదకి లాగే దానికి సంతానం కలగకపోవచ్చునట. ఆ ఆఖరి మాట వినగానే బోనులో జక్కయ్యకి గుండెల్లో రాయి పడేది. తను మనిషేనని తెలిసి కూడా బెంగగా ఉండేది. ఆయన్ని ఒక్క మాట అడుగుదామని నోటిదాకా వచ్చేది గానీ, చింపాంజీ ఎలా అడుగుతుంది?

ఒక శనివారం సాయంత్రం డేరా కిక్కిరిసి ఉంది. పొద్దుట్నుంచీ టీ చుక్క కూడా లేకుండా ఆడి ఆడి జక్కయ్యకి కళ్లు తిరుగుతున్నాయి. రామకోటేశ్వరరావు చువ్వల్లోంచి ఒక బన్నూ రెండు అరటిపళ్లూ లోపలికి అందించాడు. ఎగిరి లాక్కుని, తొక్కతో సహా కొరకాలని ఏర్పాటు. కానీ జక్కయ్య బన్ను చూశాడు. చేతులు కలిశాయి. కళ్లు మూసుకున్నాయి. తల వంచి, పెదాలు కదుపుతూ, తల్లి నేర్పిన ప్రార్థన మొదలుపెట్టాడు.

ఎవరో ముసలమ్మ దణ్ణం పెట్టింది. వెంకటకృష్ణారావుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ప్రార్థన పూర్తయింది. అప్పుడు జనంలోంచి బొంగురు గొంతు ఒకటి, చర్చిలో అన్నంత గట్టిగా "ఆమెన్" అంది.

అన్నది సంజీవరావుగారు. పెళ్లికి స్టీలు సామాను చూద్దామని కూతుర్ని తీసుకుని ఎగ్జిబిషన్‌కి వచ్చారు. ఎదురుగా ఎవరు తల వంచినా ఆయన తలా వంగుతుంది, ముగింపులో ఆ మాటా వస్తుంది, అది నలభై ఏళ్ల పెద్దరికం. అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డారు. జక్కయ్య కళ్లు తెరిచాడు. ఎదురుగా కాబోయే మామగారు, పక్కనే రూతు. ఏం చెయ్యాలో తోచక నవ్వాడు. మసి మధ్యలో ఆ నవ్వు చూసి రూతు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సంజీవరావుగారు చువ్వల దగ్గరికి వచ్చారు. "నువ్వు జక్కయ్యవా?" అన్నారు మెల్లగా.

గుర్రుమను, గుర్రుమను అని వెనకనించి రామకోటేశ్వరరావు గొణుగుతున్నాడు. ఒక్కసారి గుర్రుమంటే ఉద్యోగం నిలబడుతుంది, బహుశా పెళ్లీ నిలబడుతుంది. కానీ ప్రార్థన చేసిన నోరు ఇంకా తడి ఆరలేదు. జక్కయ్య లేచి నిలబడ్డాడు.

"అవునండీ" అన్నాడు.

చింపాంజీ మాట్లాడిందని కొందరు, 'అండీ' అని కూడా అందని కొందరు. ఆ తరవాత పడీ పడీ నవ్వారు, ఆ తరవాత టికెట్టు డబ్బుల కోసం రామకోటేశ్వరరావు వెంటపడ్డారు. డేరా ఖాళీ అయ్యాక మిగిలింది నలుగురే. సంజీవరావుగారి మొహం పాలిపోయి ఉంది. గౌరవమైన ఉద్యోగం చూసుకోమంటే ఇదా చూసుకున్నావు, రేపు సంఘం ముందు నా అల్లుడు ఫలానా అని ఎలా చెప్పుకోను అన్నారు. జక్కయ్య తల దించుకున్నాడు. సిగ్గుతో అతనికి ఏడుపు వచ్చింది. పద వెళ్దాం అన్నారు సంజీవరావుగారు కూతురితో.

రూతు కదల్లేదు. లెక్చరరుగారి వైపు తిరిగింది.

"ఇందాక బయట చెబుతుంటే విన్నానండీ, ఇలాంటి వాటికి సంతానం ఉండదని. ఈయన సంగతి కాస్త చూసి చెప్పండి."

వెంకటకృష్ణారావుగారు జక్కయ్య భుజం మీద మేకవెంట్రుక ఒకటి పీకి చూశారు. "ఈయన మనిషేనమ్మా. అందులో సందేహం అక్కర్లేదు."

"అయితే మాకు ఇబ్బందేం లేదు" అంది రూతు.

ఆ 'మాకు' విన్నాక జక్కయ్య రెండు చేతులా చువ్వలు పట్టుకున్నాడు. సంజీవరావుగారు కూతుర్ని చూశారు, బోనులో ముట్టని బన్నుని చూశారు.

"ప్రార్థన అయిపోయిందిగా" అన్నారు చివరికి. "ముందు తిను."

ప్రధానం అనుకున్నట్టే జరిగింది, పెళ్లీ జరిగింది. మామగారి మాటతో కంకిపాడు రైసుమిల్లులో పని దొరికింది. మరుసటేడు కూతురు పుడితే పిల్లని చర్చిలో దేవుడికి అప్పగించి దీవెనలు తీసుకునే పండగకి వెంకటకృష్ణారావుగారు బెజవాడ నుంచి బస్సులో వచ్చారు. పిల్ల చెవుల మీద నల్లటి నూగు చూసి నవ్వి, ఒళ్లోకి తీసుకున్నారు. విస్తళ్లు వేశాక సంజీవరావుగారు ప్రార్థన తను చెయ్యకుండా అల్లుణ్ణి చెయ్యమన్నారు. జక్కయ్య కళ్లు మూసుకుని, పెట్టినవాడికి కృతజ్ఞతలు చెప్పి, ముగించాడు.

అందరికంటే ముందు "ఆమెన్" అన్నది లెక్చరరుగారు.