కృపానందం మేష్టారి కాగితం నక్షత్రాలు

కృపానందం మేష్టారు మామిడికుదురు దగ్గర ఓ ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. డిసెంబరు వస్తే వెదురు బద్దలు కట్టి, మైదా జిగురుతో రంగు కాగితం అంటించి, క్రిస్మస్ నక్షత్రాలు చేసేవారు. పేటలో అడిగినవాళ్లకల్లా ఇచ్చేవారు. లోపల కిరసనాయిలు బుడ్డి మాత్రం పెట్టొద్దని ఏటా చెప్పి మరీ ఇచ్చేవారు.

1981లో పేటకి కరెంటొచ్చింది. కూలిపనులకి పోయే ఎలీసమ్మ ఆ ఏడు నక్షత్రం అందుకుంటూ, "బల్బు పెట్టుకోవచ్చాండీ?" అని అడిగింది.

"ఆయ్, నిక్షేపంగా పెట్టుకోండమ్మా. బల్బులో మంటెక్కడిది?" అన్నారాయన.

ఆవిడ వంద వాట్లది పెట్టింది. సాయంత్రం గాలికి నక్షత్రం ఊగి, కాగితం బల్బుకి ఆనుకుపోయింది. ముందు కమిలింది, తర్వాత అంటుకుంది. పైనే తాటాకు చూరు. జనం కాలవ నించి బిందెలతో నీళ్లు తెచ్చేలోగా సగం కప్పు పోయింది. ఆకు లాగెయ్యబోయి ఎలీసమ్మ చెయ్యి మణికట్టు దాకా కాల్చుకుంది.

మర్నాడు మేష్టారు చూడ్డానికి వెళ్లేరు.

"మీరు చెప్పేకే పెట్టేనండి," అందావిడ. కోపంగా కూడా అనలేదు.

ఆ ఆదివారం ఆయన అరుగు మీద బకెట్టుతో నీళ్లు దగ్గరుంచుకుని, వెలిగే వంద వాట్ల బల్బుకి కాగితం ఆనించి గడియారం చూస్తూ కూచున్నారు. కాసేపటికి కాగితం గోధుమరంగుకి తిరిగి పొగ లేచింది. జానెడు ఎడంగా పట్టుకున్న ముక్క మాత్రం వెచ్చబడి ఊరుకుంది. చిన్న బల్బు పెట్టి చూస్తే ఆ వెచ్చదనం కూడా లేదు.

పై ఏడు నించీ నక్షత్రాలు పెద్దవయ్యేయి. బల్బు చుట్టూ ఇనపతీగ బుట్ట, వేడి పోవడానికి పైన కన్నాలు, లోపల పదిహేను వాట్ల బల్బు. ఇంటింటికీ వెళ్లి స్వయంగా చూసేవారు. వెలుగు చాల్లేదని పేటలోనే ఉండే సాలమోను పెద్ద బల్బు తగిలిస్తే, నక్షత్రం విప్పి పట్టుకుపోయేరు. సాలమోను ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు.

ఎలీసమ్మ రెండేళ్లు నక్షత్రం ఊసెత్తలేదు. మూడో ఏడు తనే వచ్చింది. ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని, తీగ బుట్టకీ కాగితానికీ మధ్య ఎంత ఎడముందో వేళ్లతో కొలుచుకుంది.

"చూరుకి కట్టనండి. వాకిట్లో గడ పాతి కడతాను."

"నేనొచ్చి పాతిపెడతానమ్మా."

"గడ నేను పాతుకుంటానండి. మీరొచ్చి వైరు చూడండి, చాలు."

ఆ సాయంత్రం ఆయన వెళ్లి వైరు ఒకటికి రెండుసార్లు చూసి, స్విచ్చి ఆవిణ్ణే వెయ్యమన్నారు.