గాజుపెట్టెలోకి వెళ్లిన కొంగ

2022. కువైట్‌లోని అబూ హలీఫాలో ఒక ప్రైవేటు క్లినిక్, చర్మవ్యాధుల ఓపీలో నర్సుని. ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లు చేతులు చాపితే చాలు, బ్లీచు నీళ్ల పుణ్యమే అనుకునేవాళ్లం. ‘కాంటాక్ట్ డెర్మటైటిస్’ అని రాసి, అంటే తాకినదేదో చర్మానికి పడలేదని, ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపడం మాకు మంచినీళ్లు తాగినంత తేలిక.

రాయచోటి దగ్గరి నుంచి వచ్చిన ఓబులమ్మను రెండుసార్లు అలాగే పంపాం. ఎనిమిది నెలల తర్వాత మూడోసారి గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. అరచేతుల నిండా గట్టి పొక్కులు, గోళ్లకు అడ్డంగా తెల్లచారలు. ఆ చారలు చూసి డాక్టరు గారు మూత్రపరీక్ష రాశారు. రిపోర్టులో ఆర్సెనిక్ వచ్చింది. మన పాషాణం.

“ఇంట్లో రోజూ ఏమేం ముట్టుకుంటావు?” అప్పటికిగాని అడగలేదు నేను.

“హాల్లో సచ్చిన కొంగ ఒకటి నిలబెట్టినారక్కా. బ్రష్ పెడితే ఈకలు రాల్తాయని మామా తిడ్తాది. నోటితో ఊది, ఉత్త చేత్తో తుడుస్తా. నాలుగేండ్లాయ.”

మామాను, అంటే ఆ ఇంటి యజమానురాలిని, పిలిపించాం. ఫోన్లో ఫొటో చూపించింది. కోడిపెట్ట కన్నా చిన్న కొంగ. న్యూజిలాండ్ చిత్తడి నేలల్లో బతికిన జాతి, ఇప్పుడు భూమ్మీద ఒక్కటీ మిగల్లేదట. ఆమె భర్త తండ్రి విదేశంలో కొన్నారట. పూర్వం పురుగు పట్టకుండా పక్షి తోలుకు లోపల పాషాణం పూసేవారని, దాని దుమ్మే ఓబులమ్మ ఒంట్లోకి పోయిందని డాక్టరు గారు వివరించారు.

“పక్షికేం కాదు కదా? లోకంలో అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి” అంది మామా.

ఓబులమ్మ పక్కనే నిలబడి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు మాత్రం లేవలేదు. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, అది కూడా కఫీల్ అనే ఒక యజమాని చేతిలోదే.

పది రోజుల్లో కొంగకు గాజుపెట్టె చేయించారు. ఓబులమ్మకు ‘ఖలాస్’, ఇక పని అయిపోయిందని చెప్పి టికెట్ చేతిలో పెట్టారు. వైద్యం ఊళ్లో చేయించుకోమన్నారు.

ఇఖామాలో పని పేరు చూసి జబ్బు పేరు రాసేయకూడదని ఆ కేసు నాకు నేర్పింది. అయితే ఆ పాఠానికి మూల్యం ఆమె చెల్లించింది. నెల తర్వాత ఫోన్ చేసింది.

“కాలి చెప్పు ఊడిపోయినా తెలీడంల్యాక్కా. నరాల్లోకి దిగిందంట. మొదటిసారి వచ్చినప్పుడే కనుక్కోనింటే బాగయ్యేదా?”

అబద్ధం చెప్పాలని చాలా ప్రయత్నించాను.

“చాలావరకు బాగయ్యేది, ఓబులమ్మా” అన్నాను.