నాన్న తడి తల... అమ్మ అనుమానం

మా చిన్నప్పుడు... ఉత్తరాది కార్ఖానా ఊళ్ళో, భాలుబాసా అనే పేటలో, మా వీధిలో ఏ ఇంట్లో తాలింపు వేసినా, ఏం కూరో నాలుగిళ్ళవతలికి తెలిసిపోయేది. అలాంటి చోట మా నాన్న ఒక రహస్యం దాచాలనుకున్నాడు... పాపం!

నాన్న కార్ఖానాలో పొద్దుటి షిఫ్టు. శనివారం సాయంత్రాలు తెలుగువాళ్ళ భజన. తాళాలు పట్టుకుని ఆయన పాట ఎత్తుకుంటే, మా అమ్మ కూడా గొణగడం మానేసి వినేది.

ఆ చలికాలంలో మాత్రం వేరే రోజుల్లో కూడా బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టేవారు... నాన్న తాళాలు గమ్ఛా తువ్వాలులో చుట్టుకుని గబగబా వెళ్ళిపోయేవాడు. తిరిగొచ్చేసరికి తల తడి, చొక్కా పొడి!

"ఎక్కడ తానం సేసి వత్తన్నావు?" అని అమ్మ నిలదీస్తే, "ఉక్కగా ఉంటే ఏట్లో మునిగేనే" అనేవాడు. మాకు చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఈయనకు ఉక్కట!

అప్పుడు అమ్మ కడుపుతో ఉంది. అనుమానం పెనుభూతం అంటారు కదా... అది మా ఇంట్లో పీట వేసుకుని కూర్చుంది. "ఒలే గుంటా, మీ అయ్య సొక్కా ఇలా తే" అని నాతో తెప్పించుకుని వాసన చూసేది. సాంబ్రాణి వాసన! తలంటుకున్నాక సాంబ్రాణి వేసుకునేది ఎవరు? ఆడవాళ్ళు. అమ్మ లెక్క తేలిపోయింది.

పక్కింటి లచ్చమ్మ పిన్ని ఇంకో పుల్ల వేసింది. "ఓలప్పా, మీ ఆయన్ని జుగ్సలాయి పేట కాడ సూసేను. సుట్టూ సూసుకుంటా ఎల్తన్నాడు."

అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. నాకూ నాన్న మీద కోపం వచ్చింది. ఆయన పాడుతుంటే మొహం తిప్పుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఎవరో కుర్రవాడు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఎంత పిలిచినా లోపలికి రాడు. అమ్మకు వాడి మీదా అనుమానమే.

"రేపు మా అన్న దినమమ్మా. బాబుని పిలుద్దారని వచ్చేను. ఈ ఊళ్ళో మాకు ఎవుళూ లేరు. బాబే బుజం పట్టి, ఏటి దాకా పాడుకుంటా వచ్చేరు."

సైకిల్ బెల్లు, తడి తల, సాంబ్రాణి... అన్నిటి గుట్టూ అమ్మకు ఒక్కసారిగా వీడిపోయింది. చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. భార్య కడుపుతో ఉంటే భర్త పాడె మొయ్యకూడదని మనవాళ్ళ పట్టింపు కదా! అందుకే నాన్న దాచాడు.

"దీనికంటే ఆడమనిసైనా నయం గదయ్యా! నా బిడ్డకేటైనా అయితే?" అని అమ్మ బావురుమంది.

నాన్న తల వంచుకున్నాడు. "పోయినోళ్ళంతా అయినోళ్ళు లేని కాంట్రాక్టు కుర్రోళ్ళే... మోసీడానికి ముగ్గురే ఉన్నారు. ముగ్గురితో పాడె లేత్తాదేటి?"

అమ్మ కళ్ళు తుడుచుకుంది. తర్వాత కొంగు నడుముకు చుట్టి నేరుగా లచ్చమ్మ పిన్ని ఇంటికి వెళ్ళింది. "మీ ఆయన బుజాలు ఖాళీగానే ఉన్నాయి గదే! నాకు పురుడొచ్చేదాకా మీవోడు మోత్తాడు, మావోడు పాడతాడు" అని తేల్చేసింది.

తమ్ముడు పుట్టగానే అమ్మ మొదట చేసిన పని, వాడి చేతులూ కాళ్ళూ తడిమి చూసుకోవడం. వాడు నిక్షేపంగా ఉన్నాడు. నాన్న పాటలన్నీ వాడికే వచ్చాయి.

ఇప్పుడు శవాన్ని తీసుకెళ్ళడానికి బండి వస్తుంది. పాటలు స్పీకరే పాడుతుంది. బండి ఎక్కించడానికైనా కావాల్సిన భుజాలకే తీరిక లేదు.

మొన్న కాసిడీహ్ నుంచి మా మరదలు ఫోను. "దీదీ, ముఝే షక్ హో రహా హై" ... అనుమానంగా ఉందంటూ ఏడుపు. మా తమ్ముడు ఫోను ఇంట్లో పడేసి ఎక్కడికో వెళ్తున్నాడట... వచ్చేసరికి తల తడి, చొక్కా పొడి అట.

 "పిల్లా... నీకేమైనా విశేషమా?" అన్నాను.

అటువైపు ఏడుపు ఆగిపోయింది. "మీ తమ్ముడికి తప్ప ఇంకా ఎవరికీ చెప్పలేదు... ఆప్‌కో కైసే పతా, దీదీ? మీకెలా తెలిసింది?"

ఫోను పెట్టేసి, టీవీ ముందు కూర్చున్న మా ఆయన భుజాల వైపు చూశాను. ఖాళీగానే ఉన్నాయి.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా తడి తలతో వచ్చేవారా? ఇప్పటికైనా అసలు సంగతి తెలిసిందా... చెప్పండి.